రాచపుండుకు వాయిదా యెవరిచ్చిరి?

"ఆ రోజులు అట్టివి, ఎవరు మాత్రము ఏమి చేయగలరు?" 2020వ సంవత్సరపు లాక్‌డౌను ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మన సభలలోను, పెండ్లిపందిళ్లలోను వినవచ్చు మాట యిది. ఈ మాట పలుకువారిలో పెద్దలున్నారు, చదువుకొన్నవారున్నారు, ఆ దినములలో తమ యింటిలోనే ఒకరిని పోగొట్టుకొన్నవారును ఉన్నారు. దుఃఖమును దిగమ్రింగుటకు ఆ మాట పనికివచ్చునేమో. సత్యమును నిర్ణయించుటకు పనికిరాదు. కరోనా సోకి మరణించినవారిని గూర్చి ఆ మాట కొంతవరకు చెల్లును. కాన్సరుతో బాధపడుచు, చికిత్స నడుమ తెగిపోయియో, మొదలే పెట్టబడకయో, తరువాతి నెలలలో కన్నుమూసినవారిని గూర్చి యెంతమాత్రమును చెల్లదు. వారిని ఆసుపత్రికి దూరము చేసినది కరోనా కాదు. కొన్ని ఉత్తరువులు, ఆ ఉత్తరువులలోని కొన్ని మాటలు, ఆ మాటలను పట్టుకొని పొలిమేరలలో అడ్డము నిలిచిన కొన్ని కఱ్ఱలు.

ఈ సంగతిని ఈ పత్రికలో ఎత్తుట యేల యని కొందరు సందేహింపవచ్చును. బడులను గూర్చి, తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలను గూర్చి, పాఠ్యపుస్తకములను గూర్చి వ్రాయుట మనకు వాడుక. కాని ఆంధ్ర, తెలంగాణముల వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు సరిహద్దు అనునది పటములోని గీత కాదు. వీధి చివర నుండు వస్తువు. హోసూరు, కృష్ణగిరి, గుడియాత్తము, బళ్లారి, పర్లాకిమిడి, రాయగడ, యానాము మున్నగు ఊళ్లలో అనేకులకు ఇల్లొక రాష్ట్రము, ఆసుపత్రి యింకొక రాష్ట్రము. సరిహద్దు మూసినప్పుడు మొదట దెబ్బ తగిలినవారిలో మనమున్నాము. మరల మూసినచో మరల తగులును. కనుక ఈ లెక్క తేల్చుకొనుట మన పనియే.

మొదట ఆ ఉత్తరువులనే చూతము. 2020 మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి దేశమునుద్దేశించి ప్రసంగించెను. అర్ధరాత్రి నుండి దేశమంతయు మూతపడినది. నడుమ నాలుగు గంటల వ్యవధి. ప్రయాణికుల రైళ్లు అంతకుముందే నిలిచిపోయినవి. ముంబాయిలోనో, వేలూరులోనో, చెన్నపట్టణములోనో వైద్యము చేయించుకొనుచు సత్రములో నున్న రోగి యింటికి మరలి పోలేడు. ఇంటనున్న రోగి ఆసుపత్రికి రాలేడు. ఆ రాత్రి కేంద్ర హోంశాఖవారు ప్రకటించిన నిబంధనలలో ఆసుపత్రులు, మందుల దుకాణములు, ప్రయోగశాలలు, ఆంబులెన్సులు పనిచేయవచ్చునని యున్నది. వైద్యులు, నర్సులు, ఆసుపత్రి సిబ్బంది రాకపోకలకు అనుమతి యున్నది. మంచిదే. కాని ఆ వాక్యములో రోగి లేడు! ఆసుపత్రి తలుపు తెరచి, అచటికి పోవు దారిని గూర్చి ఒక్క మాటయైనను చెప్పకుండిరి. రవాణాను గూర్చిన నిబంధనలో 'అత్యవసర సేవలు' అని మాత్రమున్నది. ఏది అత్యవసరమో నిర్ణయించువాడు ఎవడు? నాలుగు వీధుల కూడలిలో ఎండలో నిలిచిన పోలీసు జవాను. పాపము, వాని తప్పు కూడ కాదు. కాన్సరు రోగి చూచుటకు నడువగలిగియే యుండును, నెత్తురు కారుచుండదు, మూర్ఛపోయి యుండడు. చేతిలో ఒక కాగితము, ఆ కాగితముపై ఒక తేదీ. ఇది అత్యవసరమని వానికి చెప్పినవారెవరు?

మూడు వారములు గడచిన పిమ్మట, ఏప్రిల్ 15వ తేదీన, సవరించిన నిబంధనలు వచ్చినవి. వైద్యావసరమునకై సొంత వాహనములో పోవచ్చునని అందు స్పష్టముగా వ్రాసిరి. నాలుగు చక్రముల బండియైనచో నడుపువాడు గాక వెనుక సీటులో ఒక్కరు. రెండు చక్రముల బండియైనచో నడుపువాడు మాత్రమే. పాఠకులు ఈ వాక్యమును మరియొకసారి చదువవలెను. కారు గలవాడు రోగిని కూర్చుండబెట్టుకొని పోవచ్చును. రోగి భార్యకు, తల్లికి చోటు లేదు. కారు లేనివాడు, అనగా మనలో నూటికి తొంబదిమంది, రోగిని స్కూటరు వెనుక ఎక్కించుకొని పోరాదు. రోగియే బండి నడుపుకొని పోయి, సిరలోనికి మందెక్కించుకొని, వాంతులు చేసికొనుచు, తానే నడుపుకొని తిరిగి రావలెను కాబోలు! ఇట్టి నిబంధనను వ్రాసినవారు ఏనాడైనను కీమో వార్డు వరండాలో ఒక గంటసేపు కూర్చుండిరా?

రైళ్ల సంగతి యింకను చిత్రము. కాన్సరు రోగికి రైలులో రాయితీ చిరకాలముగా నున్నది. 2020 మార్చి 20వ తేదీన రైల్వేవారు వృద్ధులకు, ఇతరులకు ఇచ్చు రాయితీలను నిలిపివేసినప్పుడును రోగుల రాయితీని ముట్టలేదు. రాయితీని ఉంచిరి, రెండు మూడు దినములలో రైళ్లనే నిలిపివేసిరి.

ఇక ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. భాషా సంఘమువారము కనుక మాటల వెంట పోవుట మనకు అలవాటు. 2020 మార్చి 20వ తేదీననే కేంద్ర ఆరోగ్యశాఖవారు ఆసుపత్రులకు సూచన పంపుచు, అవసరము కాని 'ఎలెక్టివ్' శస్త్రచికిత్సలను వాయిదా వేయుడనిరి. ఎలెక్టివ్ అనుదానికి శస్త్రవైద్యులలో అర్థము ముందుగా తేదీ నిర్ణయించి చేయునది అని. ప్రమాదములో కాలు విరిగి వచ్చినవానికి చేయునది తక్షణ చికిత్స. తేదీ ఇచ్చి చేయునది ఎలెక్టివ్. అంతియే గాని, చేయించుకొన్నను మానినను ఫరవాలేదని దానికి అర్థము కాదు. కంటిపొర తీయుట ఎలెక్టివే, రొమ్ములోని రాచపుండు తీయుట ఎలెక్టివే. సూచనలో 'అవసరము కాని' అను విశేషణము లేకపోలేదు. కాని ఆ దినముల భయములో, కార్యాలయములలోను ఆసుపత్రులలోను ఆ విశేషణము రాలిపోయి, నామము మాత్రము మిగిలినది. తేదీ గలవన్నియు వాయిదాకు అర్హములైనవి. ఒక పొరుగు భాషమాట అర్థము సగము తెలిసియు సగము తెలియకయు అధికారపు నోటబడినప్పుడు ఎంత కీడు చేయగలదో చూపుటకు ఇంతకంటె దృష్టాంతము నాకు కనబడలేదు.

ప్రభుత్వమునకు తెలియదనుటకును వీలు లేదు. ఏప్రిల్ 28వ తేదీన కేంద్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి రాష్ట్రములకు వ్రాసిన లేఖలో, ప్రైవేటు ఆసుపత్రులు పెక్కు డయాలిసిస్, రక్తమెక్కించుట, కీమో, కాన్పులు మున్నగువానికి వెనుదీయుచున్నవని స్పష్టముగా నున్నది. అనగా మూత వేసిన అయిదు వారములకు ఢిల్లీకి తెలిసినది. ఆ అయిదు వారములలో కాన్సరు యేమి చేయుచుండెను?

అది తన పని తాను చేయుచుండెను. ఈ రోగమునకు తన గడియారము గలదు. కీమో మందులలో అనేకములు 21 దినముల కొకసారి ఇచ్చునవి. మొదటి లాక్‌డౌను కూడ సరిగా 21 దినములే. అనగా తప్పనిసరిగా ఒక మోతాదు పోయినట్లే. దానిని మే 3 వరకు, 17 వరకు, 31 వరకు పొడిగించినారు. అంతయు కలిపి 68 దినములు. మన జనులు 'కరెంటు పెట్టించుకొనుట' యను రేడియేషను చికిత్స వారమునకు అయిదు దినముల వంతున అయిదు మొదలు ఏడు వారములు ఎడతెగక జరుగవలెను. గర్భాశయ ముఖమునందలి కాన్సరుకు మొత్తము చికిత్స 8 వారములలో ముగియవలెనని వైద్యుల నియమము. నడుమ విరామము వచ్చినచో మిగిలియున్న కణములు మరల పెరుగును. గొంతు, నోటి కాన్సరులలో తప్పిపోయిన ప్రతి దినమునకు రోగము అదుపులోనికి వచ్చు అవకాశము సుమారు నూటికొక వంతు చొప్పున తగ్గునని లెక్క. శస్త్రచికిత్స నాలుగు వారములు ఆలస్యమైనచో మరణావకాశము 6 నుండి 8 శాతము వరకు హెచ్చునని 2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన పరిశోధన తేల్చినది. 68 దినములలో ఇట్టి నాలుగు వారములు రెండుకు పైగా నున్నవి.

అత్యవసరమన్నచో, కాన్సరులో అసలైన అత్యవసరములును గలవు. కీమో తరువాత తెల్లకణములు పడిపోయిన వేళ జ్వరము వచ్చినచో గంటలోపల సిరలోనికి మందు పడవలెను. లేనిచో సాయంత్రమునకు ప్రాణము నిలుచుట కష్టము. రోగికి ఇంటికి పంపునప్పుడే చెప్పుదురు: "నూరు దాటినదా, ఆలోచింపవద్దు, బయలుదేరుము" అని. 2020లో జ్వరమన్నచో ఏమి జరిగినది? జ్వరము అను మాటకే కరోనా అని అర్థము వచ్చినది. జ్వరపు రోగిని వేరొక వరుసలోనికి పంపిరి. పరీక్ష ఫలితము వచ్చువరకు ఏ వార్డును చేర్చుకొనదాయెను. ఆంబులెన్సు వాడు వెనుకాడెను, అద్దెకారు వాడు తలుపు వేసికొనెను. కరోనా లేదని కాగితము వచ్చునప్పటికి కొందరికి ఆ కాగితముతో పనిలేక పోయినది. ఇక రక్తదాన శిబిరములు ఆగిపోయినవి. ప్లేట్‌లెట్లు అయిదు దినములకు మించి నిలువయుండవు. రక్తకాన్సరు బిడ్డల తల్లిదండ్రులు దాతలకొరకు ఫోనులు పట్టుకొని కూర్చుండిరి. అన్నిటికంటె క్రూరమైనది మార్ఫీను సంగతి. నివారణ లేని దశలో నొప్పికి వాడు ఆ మాత్ర వీధిచివరి మందుల దుకాణములో దొరకునది కాదు. గుర్తింపు పొందిన వైద్యసంస్థవారు కొన్ని వారములకు సరిపోవునట్లు లెక్కించి ఇత్తురు. అది తీరిపోయి, దారి మూయబడియున్నచో, ఆ యింటిలోని రాత్రులను వర్ణింపనక్కరలేదు.

ఇవి యన్నియు కన్నీటి మాటలు, లెక్కలెక్కడ అని అడుగువారికి లెక్కలును గలవు. దేశములోని కాన్సరు ఆసుపత్రులను కలుపుచు 2012లో ఏర్పడిన నేషనల్ కాన్సర్ గ్రిడ్ వారు, తమలోని 41 ఆసుపత్రులలో 2020 మార్చి 1 నుండి మే 31 వరకు జరిగిన పనిని అంతకు ముందటి సంవత్సరపు ఇవే మూడు నెలలతో పోల్చి, 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ప్రకటించిరి. 2019లో క్రొత్తగా నమోదైన రోగులు 1,12,270, 2020లో 51,760. సగమునకు పైగా తగ్గుదల. తిరిగి చూపించుకొనుటకు వచ్చినవారు 6,34,745 నుండి 3,40,984కు దిగిరి. పెద్ద శస్త్రచికిత్సలు 17,120 నుండి 8,677కు. కీమో 37 శాతము, రేడియేషను 23 శాతము, నొప్పినివారణ విభాగములకు పంపబడినవారు 29 శాతము తగ్గిరి. నూటికి డెబ్బది ఆసుపత్రులకు పైగా ముందస్తు పరీక్షలు పూర్తిగా ఆగిపోయినవి, లేక పావువంతుకంటె తక్కువగా నడచినవి.

క్రొత్త రోగులలో తేడా 60,510 మంది. ఆ మూడు నెలలలో దేశములో రాచపుండు పుట్టుట సగము తగ్గినదని యెవరైనను చెప్పగలరా? ఆ అరువదివేల మంది ఎచట నున్నారు? ఇంటిలో నున్నారు. నోటిలో తెల్లమచ్చ, రొమ్ములో గడ్డ, ఆగని రక్తస్రావము పెట్టుకొని, దారి తెరచుటకు ఎదురుచూచుచున్నారు. ఉత్తరకోస్తాలోను, దానికి ఆనుకొనియున్న ఒడిశా పల్లెలలోను చుట్టను మండుచున్న కొన నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు వృద్ధస్త్రీలను మీరెరుగుదురు. వారి అంగిలిలో వచ్చు మార్పును వైద్యుడు దీపము వేసి చూచిననే తెలియును. నొప్పి పుట్టిన తరువాత చూచుటకును, ముందు చూచుటకును నడుమ ప్రాణమున్నది. వారిని చూచుట ఆపివేసినారు. వారి పేరు ఏ మృతుల పట్టికలోను కరోనా క్రింద రాదు.

ఈ తగ్గుదల పెద్ద నగరములలోని పెద్ద ఆసుపత్రులలో హెచ్చుగా నున్నదనియు ఆ లెక్కలే చెప్పుచున్నవి. కారణము ఊహించుట కష్టము కాదు: పెద్ద ఆసుపత్రికి రోగి దూరమునుండి వచ్చును. షోలాపురపు మన నేతపనివారికి ముంబాయి పరేలులోని టాటా ఆసుపత్రి సుమారు 400 కిలోమీటర్లు. అదే జిల్లాలో బార్శీ పట్టణమున ఒక కాన్సరు ఆసుపత్రి యున్నది గనుక కొందరికి కొంత ఊరట. అట్టిది లేని జిల్లాలే యెక్కువ.

"ఆసుపత్రికి రానిచ్చియుండినచో కాన్సరు రోగులు కరోనా సోకి అచటనే మరణించియుందురు, మేలుకోరియే ఆపినారు" అని ఒక వాదము గలదు. దీనిని తోసివేయరాదు; బలహీనమైన దేహమునకు కరోనా సోకినచో అపాయము హెచ్చన్నది నిజము. కాని దీనికి సమాధానము వాదముతో గాక చేతలతో ఇచ్చినవారున్నారు. ముంబాయి నగరము ఆనాడు దేశములోకెల్ల ఎక్కువగా మహమ్మారి బారినపడిన నగరములలో నొకటి. అచటి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు తలుపు మూయరాదని నిశ్చయించి, 2020 మార్చి 23 నుండి ఏప్రిల్ 30 వరకు, ఆ వాయిదా వేయదగినవని పేరుపడిన శస్త్రచికిత్సలనే 494 చేసిరి. శస్త్రచికిత్సానంతరము ఒక్క మరణమును లేదు. వారు ఆ సంగతిని దాచుకొనలేదు, ఆ సంవత్సరమే వైద్యపత్రికలో ప్రకటించిరి. జాగ్రత్తతో చేయవచ్చునని తెలిసిపోయినది. ఇక లోకమంతటి సంగతి: 61 దేశములలో 20,000 మంది రోగులను పరిశీలించి 2021లో ప్రకటించిన లెక్కలో, పూర్తి లాక్‌డౌనున్నచోట ఏడుగురిలో ఒకరికి నిశ్చయమైన శస్త్రచికిత్స జరుగలేదు; కొద్దిపాటి కట్టుబాట్లున్నచోట నూటికొకరికైనను అట్లు తప్పలేదు. రోగము అన్నిచోట్ల నొక్కటే. మూత వేసిన తీరులో భేదమున్నది.

ఆసుపత్రి లోపలివారిని నేను నిందించుట లేదు. ఆ దినములలో ముసుగులు చాలక, నిద్ర చాలక పనిచేసిన వైద్యులకు, నర్సులకు, ఊడ్చువారికి మనము ఋణపడియున్నాము. నా ఫిర్యాదు గడప వెలుపలి దారిమీద.

ఆ దారిలో సరిహద్దున్నది. హోసూరునుండి బెంగుళూరు కిద్వాయ్ ఆసుపత్రి 40 కిలోమీటర్ల లోపల. చెన్నపట్టణపు అడయారు ఆసుపత్రి 300 కిలోమీటర్లు. హోసూరువాడు తమిళనాటి పౌరుడు కనుక అడయారుకే పోవలెనని ఏ వైద్యుడును చెప్పడు. అత్తిబెలె గేటు మాత్రము ఆ దినములలో అట్లే చెప్పినది. పాసు లేనిదే దాటనీయదాయెను. పర్లాకిమిడి వీధులు ముగియగానే పాతపట్నపు పొలిమేర. అచటివారికి విశాఖపట్టణము దగ్గర, కటకము దూరము. యానాము సంగతి చెప్పనే అక్కరలేదు. కాకినాడ 30 కిలోమీటర్లు, తమ రాజధానియైన పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైన. నలుదిక్కుల ఆంధ్రదేశమే యున్న ఆ చిన్న పట్టణమునకు ఊరు దాటుటయే రాష్ట్రము దాటుట.

పొరుగువారు పొరుగువారిని ఎట్లు చూచిరో రెండు మూడు దృష్టాంతములు చాలును. 2020 మార్చిలో కర్ణాటకమువారు కాసరగోడునుండి మంగుళూరుకు పోవు దారులకు మట్టిగుట్టలు పోసిరి. కాసరగోడు జనులకు పెద్ద వైద్యమన్నచో మంగుళూరే. ఆంబులెన్సులు తిరిగిపోయినవి, దారిలో ప్రాణములు పోయినవి. ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు దారి వదలుమన్నను తగవు సుప్రీంకోర్టు వరకు పోయి, ఏప్రిల్ 7 నాటికి గాని రోగులను పంపు పద్ధతి కుదరలేదు. అదే ఏప్రిల్ చివర వేలూరు జిల్లా అధికారులు చిత్తూరునుండి వచ్చు రెండు దారులకు అడ్డముగా, గుడియాత్తము వైపునను పొన్నై వైపునను, ఇటుకలతో గోడలే కట్టించిరి! చిత్తూరు జిల్లాకు వేలూరు క్రిస్టియను ఆసుపత్రి యెట్టిదో, ఆ దారులకు ఇరువైపుల ఏ భాష వినబడునో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆక్షేపణలు వచ్చినంతట ఆ గోడలను కూల్చిరి. కట్టుటకు ముందు ఆలోచించుటకు గాక, కూల్చుటకు మాత్రమే ఆక్షేపణలు కావలసివచ్చినవి.

కన్నడిగులు, తమిళులు అట్లు చేసిరని గుండెలు బాదుకొనవద్దు. 2021 మే నెలలో, రెండవ విడత మహమ్మారి ముదిరినప్పుడు, కర్నూలునుండి హైదరాబాదుకు పోవు ఆంబులెన్సులను అలంపురము చేరువ పుల్లూరు టోలుగేటువద్ద ఆపినది ఎవరు? మన భాష మాటలాడు ప్రభుత్వమే, మన భాష మాటలాడు రోగులను. హైదరాబాదు ఆసుపత్రిలో మంచము ముందుగా కుదిరినట్లు చూపి అనుమతి తెచ్చుకొననిదే రారాదని ఉత్తరువు. మే 14న తెలంగాణ హైకోర్టు దానిని నిలిపివేసినది. ఒకే భాషవారైన మాత్రమున గేటు తెరచుకొనదని దీనివలన తెలిసికొనవలెను. కనుక మనము కోరవలసినది పొరుగువారి దయ గాని, స్వభాషీయుల అభిమానము గాని కాదు. చట్టములో వ్రాయబడిన హక్కు.

భాష సంగతి మరియొకటి. పాసుకొరకు ఫోనులోనో కంప్యూటరులోనో దరఖాస్తు నింపవలెను. ఆ ఫారము ఆయా రాష్ట్రపు అధికారభాషలోనో ఆంగ్లములోనో యుండును. మన యిండ్లలో ఇంటిభాష తెలుగు, వీధిభాష మరియొకటి. చిన్నవారు చదువగలరు, పెద్దవారు మాటలాడగలరు గాని చదువలేరు. రోగములు వచ్చునది ఎక్కువగా పెద్దవారికే. కారణమను గడిలో ఏమి వ్రాయవలెనో తెలియక "ఆసుపత్రి" అని వ్రాసినచో తిరస్కారము. ఏ ఆసుపత్రి, ఏ చికిత్స, ఎన్నవ మోతాదు, వెంట వచ్చునదెవరు అని వ్రాసియుండినచో మంజూరు కావచ్చును. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ఎవరైనను తమ బాధను ఏ అధికారికైనను, కేంద్రములో గాని ఆ రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొనవచ్చును. ఈ అధికరణమును మనము బడుల విషయములో తరచు ఉదాహరించుచుందుము. ప్రాణభయములోనున్న వాని దరఖాస్తుకంటె ఇది యెక్కువగా వర్తించు సందర్భమేది?

ఇక మనలను మనమును కొంచెము అడుగవలెను. ఆ నెలలలో తెలుగు సంఘములు పెక్కు బియ్యము పంచినవి, కూరగాయలు పంచినవి, ముసుగులు పంచినవి, ఛాయాపటములును తీయించుకొన్నవి. ఆకలి పెద్దది గనుక అది తప్పు కాదు. కాని తన పేటలో ఎవరింట కాన్సరు రోగి యున్నాడో, ఎవరికి ఏ తేదీన ఏ ఊరికి పోవలసియున్నదో పట్టిక వ్రాసికొన్న సంఘములెన్ని? ఉగాదికి చందాలు వసూలుచేయుటకు ఇల్లిల్లు తిరుగు మనకు ఆ పట్టిక అసాధ్యమా? ఈ రోగము పేరు పైకి చెప్పుకొనుట మన కుటుంబములలో సిగ్గుగా భావించుదురు. సంబంధములు చెడునని ఆడబిడ్డల తల్లుల రోగమును దాచుదురు. ఆ దాపరికముకూడ ఒక గేటే. దానికి పోలీసు అక్కరలేదు.

2020 ఆగస్టు చివర కేంద్రమువారు రాష్ట్రముల నడుమ రాకపోకలకు వేరుగా అనుమతి గాని పాసు గాని అక్కరలేదని ఉత్తరువు చేసిరి. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, స్థానిక నివాసపు ఋజువు లేదను కారణముచే ఏ రాష్ట్రములోను ఏ రోగినిని చేర్చుకొనక పోరాదని పలికినది. రెండును మంచివే. అయినను ఒకటి సడలింపుల క్రమములో వచ్చినది, మరియొకటి మహమ్మారి మంచముల కొరత సందర్భములో వచ్చినది. పుల్లూరు గేటువద్ద ఆంబులెన్సులు ఆగినది ఈ రెండింటి తరువాతనే. విపత్తుల నిర్వహణకు 2005లో వచ్చిన చట్టము క్రింద రేపు మరల ఒక రాత్రి నాలుగు గంటల వ్యవధితో ఉత్తరువు వెలువడినచో, అందు రోగి యుండునని చెప్పగలవారెవరు?

కావున మన సంఘము తన సర్వసభ్య సమావేశములో ఒక తీర్మానము చేయవలెనని నా ప్రతిపాదన. కాన్సరు చికిత్సను, డయాలిసిస్‌ను, రక్తమెక్కించుటను పేరుపెట్టి మినహాయింపులలో చేర్చవలెను. 'అత్యవసరము' అను ఒంటిమాటకు వదలివేయరాదు. ఆసుపత్రివారిచ్చిన చీటీ, అందలి తేదీ, ఇవియే పాసు కావలెను. వేరొక కార్యాలయపు ముద్రతో పనియుండరాదు. రోగితో తోడు ఒకరు తప్పక పోవచ్చునని వ్రాయవలెను, బండి యెన్ని చక్రములదైనను సరే. సరిహద్దు జిల్లాల కలెక్టర్లు ఇరువైపులవారును కూర్చుండి, ఏ ఊరివారికి ఏ ఆసుపత్రి సమీపమో ముందుగానే పట్టిక వ్రాసి, గేటులవద్ద ఇరుభాషలలో అంటింపవలెను. మార్ఫీను వాడు రోగులకు మూత వేయు దినముననే రెండు నెలలకు సరిపడ మందు ఇచ్చుటకో, ఇంటికి పంపుటకో ఏర్పాటుండవలెను. ఇందులో ఏదియు ఖర్చుతో కూడినది కాదు. ఒకటి రెండు తప్ప అన్నియు కాగితముపై నాలుగు పంక్తులు.

ఈ తీర్మానమును కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరి ప్రభుత్వములకును, ఆంధ్ర తెలంగాణములకును, భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకును తెలుగులోనే పంపవలెను. 350వ అధికరణము బ్రదికియున్నదో లేదో ఆ విధముగ తెలియును. తీర్మానముతో పాటు సంఘపు శాఖలు తమతమ పేటలలో, ఇంటివారి సమ్మతితో, రోగుల పట్టికను ఈ సంవత్సరమే ప్రారంభింపవలెను. పేరు వ్రాయుట కిష్టము లేనివారికి అంకె చాలును: వయస్సు, ఆసుపత్రి యున్న ఊరు, తదుపరి తేదీ, తోడు వచ్చువారి ఫోను. సభ్యులు తమ అభ్యంతరములను, చేర్పులను సమావేశమునకు పది దినములు ముందుగా వ్రాసి పంపినచో వానినికూడ ముసాయిదాలో చేర్తుము.